ఏనుగుకీ ఇనుముకీ తూకం

మా ఇంట్లో ఒక తగువుంది. దాని వయసు పాతికేళ్ళు. మొదలుపెట్టిన మా మావగారు ఎప్పుడో వెళ్ళిపోయారు. పొలం మరుదుల వాటాకి వెళ్ళింది, ఇత్తడి గంగాళాలు తోడికోడలి వాటాకి వెళ్ళాయి. తగువు మాత్రం నా వాటాకి వచ్చింది.

తగువేమిటంటారా? కోడి రామ్మూర్తి నాయుడు గొప్పా, కరణం మల్లీశ్వరి గొప్పా?

నవ్వకండి. మగవాళ్ళు ఇలాంటి తగువులు రోజూ పడుతూనే ఉంటారు. బాక్సింగు పిచ్చి ఉన్నవాళ్ళనడగండి, జో లూయీ గొప్పా, మహమ్మదాలీ గొప్పా అని కాఫీలు చల్లారిపోయేదాకా వాదిస్తారు. లూయీ 1937 నుంచి 1949 దాకా ప్రపంచ ఛాంపియను. అలీ మొదటిసారి ఛాంపియను అయింది 1964లో. ఇద్దరూ టైటిలు కోసం ఒక్కనాడూ బరిలో ఎదురుపడలేదు. అందుకే ఆ వాదన తెగదు. తెగదు కనకనే దానికంత రుచి.

మా వాళ్ళిద్దరూ అయితే ఎదురుపడే ప్రశ్నే లేదు. ఆయన 1942లో కన్నుమూశాడు. ఆవిడ 1975లో పుట్టింది. ఆయన మల్లుడు, సర్కస్ వీరుడు. ఆవిడ వెయిట్‌లిఫ్టరు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నవి రెండే. ఒకటి కండబలం, రెండోది శ్రీకాకుళం మట్టి. ఆయనది వీరఘట్టం. ఆవిడది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళిపోయింది గానీ, మా మావగారు బతికుంటే ఆ మాట ఒప్పుకునేవారు కాదు. "జిల్లా మారిస్తే మనిషి మారిపోతాడేటమ్మా?" అనేవారు.

తగువు మొదలైంది 2000 సెప్టెంబరులో. సిడ్నీ ఒలింపిక్సులో మల్లీశ్వరికి కంచు పతకం వచ్చిందని పేపర్లో పడ్డ రోజు. మావగారు వీధరుగు మీద పేపరు విప్పి, "మన ఆమదాలవలస పిల్ల! చూసేవా అమ్మా, మొత్తం దేశానికి ఒక్కటే పతకం, అదీ మనమ్మాయే పట్టుకొచ్చీసింది!" అని కేకేశారు. నేను కాఫీగ్లాసుతో పరుగెత్తాను. రెండుసార్లు వార్త చదివి, కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. అంతా బాగానే ఉంది. అప్పుడన్నారు, "అయినా, రెండు వందల నలభై కిలోలే కదా. మన రామ్మూర్తి నాయుడు గుండె మీద ఏనుగుని నిలబెట్టుకున్నాడు. ఏనుగుకీ దీనికీ పోలికేటి?"

నా నోటి చివరిదాకా ఒక మాట వచ్చింది. కానీ ఆ రోజుల్లో కోడళ్ళు కాఫీగ్లాసు అందించేవారు గానీ జవాబులు అందించేవారు కాదు. గ్లాసు పక్కన పెట్టి లోపలికొచ్చేశాను. ఆ జవాబు ఇన్నాళ్ళూ లోపలే ఉండిపోయింది. ఇప్పుడెందుకు బయటికి తీస్తున్నానో ఆఖర్న చెబుతాను.

న్యాయంగా ముందు మావగారి పక్షం చెప్పాలి.

రామ్మూర్తి నాయుడు 1880ల్లో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లి పోయింది. విజయనగరంలో ఉన్న పినతండ్రి దగ్గర పెరిగాడు. బడి చదువు కంటే తాలింఖానా మట్టి మీదే మోజెక్కువ. మద్రాసు వెళ్ళి వ్యాయామ ఉపాధ్యాయుడిగా శిక్షణ పొంది, తిరిగొచ్చి విజయనగరంలో డ్రిల్లు మేష్టరయ్యాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది. తరవాత సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిరిగాడు. గుండె చుట్టూ ఇనప గొలుసు కట్టించుకుని ఊపిరి బిగబట్టేవాడట, గొలుసు ఫట్టుమని తెగేదిట. రెండు చేతులకీ గొలుసులతో రెండు కార్లు కట్టించుకుని చెరోవైపుకీ నడపమంటే అవి అంగుళం కదిలేవి కావట. ఇక ఛాతీ మీద బల్ల, బల్ల మీద ఏనుగు. లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి ముందు ప్రదర్శన ఇచ్చాడనీ, 'ఇండియన్ హెర్క్యులస్' అనిపించుకున్నాడనీ చెబుతారు. మనవాళ్ళు 'కలియుగ భీముడు' అన్నారు. ఇంత చేసినవాడు శాకాహారి. మా అత్తగారికి ఆయన మీద గౌరవమంతా ఆ ఒక్క సంగతి వల్లే.

ఆ కాలం ఎలాంటిదో కూడా చూడాలి. అప్పట్లో బలం అంటే తెల్లవాడి బలమే. యూజెన్ సేండో అని ఒక జర్మన్ బలశాలి ప్రపంచమంతా కండలు చూపిస్తూ తిరిగి, 1904–05 ప్రాంతంలో మన దేశం కూడా వచ్చాడు. మన మగవాళ్ళు ఇంట్లో వేసుకు తిరిగే చేతుల్లేని శాండో బనీను ఉందే, దానికి ఆ పేరు ఆయన మూలంగా వచ్చిందే. అలాంటి రోజుల్లో వీరఘట్టం కుర్రాడొకడు తెల్లదొరల కారు ఆపి నిలబెట్టాడంటే, చూసినవాళ్ళకి అది వినోదం కాదు. మన వల్ల కూడా అవుతుందన్న ధైర్యం. మావగారి నాన్నగారు ఆ సర్కస్ చూశారట. ఆ ముసలాయన చెబుతూంటే మావగారు విన్నారు, మావగారు చెబుతూంటే మేమంతా విన్నాం. ప్రతి చేతికీ ఏనుగు కాస్త పెరుగుతూ వచ్చిందని నా అనుమానం.

చివరి రోజులు మాత్రం కష్టంగా గడిచాయి. కాలికి పుండు లేచి, కాలే తీసెయ్యాల్సి వచ్చింది. మత్తు పుచ్చుకోకుండా ఊపిరి బిగబట్టి ఆ కోత భరించాడని చెబుతారు. 1942 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో, ఒరిస్సాలోని బలంగీరులో పోయాడు. ఇప్పుడు విశాఖపట్నం బీచి ఒడ్డున విగ్రహమై నిలబడ్డాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

ఇక నా పక్షం.

మల్లీశ్వరి తండ్రి రైల్వే రక్షణ దళంలో కానిస్టేబులు. ఇంటినిండా ఆడపిల్లలు. మొదట్లో బక్కపిల్ల, ఈ ఆట నీకెందుకని వెనక్కి పంపేశారట. అమ్మ మాత్రం వెనక్కి పంపలేదు. పన్నెండేళ్ళ వయసులో నీలంశెట్టి అప్పన్నగారి దగ్గర బరువులు పట్టింది. 1990లో బెంగుళూరు శిక్షణ శిబిరంలో, బెలారుస్‌కి చెందిన లియొనీద్ తరనెంకో కళ్ళబడింది. ఆయన ఒకప్పటి ఒలింపిక్ విజేత. అక్కడినించి ఆ పిల్ల వెనక్కి చూడలేదు. 1993లో ప్రపంచ పోటీల్లో కంచు. 1994లో ఇస్తాంబుల్‌లో, 1995లో చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ప్రపంచ విజేత. అప్పటికి ఆవిడ వయసు ఇరవై.

ఈ చివరి రెండూ మనవాళ్ళలో చాలామందికి గుర్తుండవు. మల్లీశ్వరి అనగానే సిడ్నీ అంటాం, కంచు అంటాం. "కంచేనా?" అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఇక్కడొక అన్యాయం ఉంది. మగవాళ్ళ బరువుల పోటీ 1896లో, మొట్టమొదటి ఆధునిక ఒలింపిక్సులోనే ఉంది. ఆడవాళ్ళకి విడిగా ప్రపంచ పోటీలు మొదలైంది 1987లో. ఒలింపిక్సు తలుపు తెరిచింది 2000లో. అంటే నూటనాలుగేళ్ళు గుమ్మం బయట నిలబెట్టారన్నమాట. 1996లో అట్లాంటాలో ఆ తలుపు తెరిచి ఉంటే, అప్పుడే రెండుసార్లు ప్రపంచాన్ని గెలిచి మంచి ఊపు మీదున్న మల్లీశ్వరి ఏం చేసి ఉండేదో మీరే ఊహించండి. తలుపు తెరిచేనాటికి పాతికేళ్ళొచ్చాయి, పెళ్ళయింది, ఒళ్ళూ మారింది. 54 కిలోల తరగతిలో గెలిచిన పిల్ల 69 కిలోల తరగతిలో దిగాల్సి వచ్చింది. బయల్దేరేముందు పత్రికల్లో ఆవిడ లావు మీద వెక్కిరింపులు. ఆడదాని ఒంటి బరువు గురించి మాట్లాడ్డానికి ఈ దేశంలో అందరికీ తీరిక ఉంటుంది. ఆవిడ ఎత్తే బరువు గురించి మాట్లాడమంటేనే తీరికుండదు.

ఆ ఆట సంగతి కాస్త చెప్పాలి. రెండు రకాలుగా ఎత్తాలి. మొదటిది స్నాచ్, నేల మీద ఉన్నదాన్ని ఒక్క ఊపున తలమీదికి లేపాలి. రెండోది క్లీన్ అండ్ జెర్క్, ముందు భుజాల దాకా తెచ్చి, ఊపిరి తీసుకుని, అప్పుడు తలమీదికి. ఒక్కోదానికి మూడు అవకాశాలు. రెంటిలోనూ ఎత్తిన పెద్ద బరువులు కలిపి మొత్తం చూస్తారు. సెప్టెంబరు 19న మల్లీశ్వరి స్నాచ్‌లో 110, రెండోదాంట్లో 130 ఎత్తింది. మన లెక్కలో చెప్పాలంటే 110 అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు నాలుగూ, పైన పది కిలోలూ. ఒక్క ఊపున తలమీదికి! 130 అంటే నిండు గ్యాసు సిలిండర్లు నాలుగు కట్టగట్టినదాని కంటే ఎక్కువ. మొత్తం 240. బంగారం గెలిచిన చైనా అమ్మాయిదీ, వెండి గెలిచిన హంగరీ ఆవిడదీ చెరో 242.5. రెండున్నర కిలోలు! నెలసరుకుల్లో కందిపప్పు పొట్లం అంత తేడా. ఆఖరి అవకాశంలో 137.5 అడిగింది. అది లేస్తే బంగారం. లేవలేదు. కంచుతో దిగింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ అయింది.

ఇప్పుడు తూకం వేద్దాం.

మొదటి తేడా చెప్పుకునే తీరులో ఉంది. రామ్మూర్తి నాయుడి గురించి పైన నేను రాసినదాంట్లో 'అట'లూ, 'అంటారు'లూ ఎన్నున్నాయో వెనక్కి వెళ్ళి లెక్కపెట్టండి. మల్లీశ్వరి గురించి రాసినదాంట్లో అంకెలెన్నున్నాయో చూడండి. అది నా కలం తప్పు కాదు. ఆయన బలానికి సాక్షి జనం, ఆవిడ బలానికి సాక్షి కాటా. జనం చెప్పే సాక్ష్యంలో ప్రేముంటుంది, ఆ ప్రేమకి పెంచి చెప్పడం అలవాటు. కాటాకి ప్రేమ లేదు. అందుకే రెండున్నర కిలోలకి బంగారం పట్టుకుపోయింది. కానీ అందుకే పాతికేళ్ళ తరవాత కూడా ఆ 240లో ఒక్క కిలో తగ్గించే మొనగాడు లేడు.

రెండో తేడా నేను ఆనాడు మింగేసిన మాట. మావయ్యగారూ, రామ్మూర్తి నాయుడు ఏనుగుని ఎత్తలేదండీ. మోశాడు.

ఏనుగు వచ్చి గుండె మీద నిలబడితే కదలకుండా ఉండడం మొయ్యడం. కార్లు చెరోవైపుకీ లాగుతూంటే చెక్కుచెదరకపోవడం ఓర్చుకోవడం. కాలు కోస్తూంటే ఊపిరి బిగబట్టడం ఓర్పుకి పరాకాష్ఠ. ఆయన బలమంతా తట్టుకోవడంలో ఉంది. నేనాయన్ని తక్కువ చెయ్యడం లేదు. మూడు టన్నుల జంతువు కింద పడుకోవడానికి కండ ఒక్కటే చాలదు, గుండె కావాలి. కానీ చూశారా తమాషా! ఓర్పు ఎవరి సొత్తని మనకి చిన్నప్పటినుంచీ చెబుతూ వచ్చారు? భూదేవంత ఓర్పు ఉండాలి, సహనమే ఆడదానికి నగ, మొయ్యాలి, భరించాలి, కదలకూడదు. ఏనుగొచ్చి నిలబడితే మగవాడు చేసినదాన్ని సర్కస్ అని టిక్కెట్టు పెట్టారు. మన మీద ఎన్ని నిలబడినా దాన్ని సంసారం అన్నారు.

మల్లీశ్వరి చేసింది దీనికి పూర్తిగా వేరే. ఆవిడ మీద ఎవరూ బరువు పెట్టలేదు. తానే నడిచి వెళ్ళింది, ఎంత ఎత్తాలో తానే పలికింది, వంగి పట్టుకుంది, పైకి లేపింది. అందుకే అంటాను, మా జిల్లా ఇచ్చిన ఇద్దరు బలశాలుల్లో మగవాడు మొయ్యడంలో ఘనుడు, ఆడది ఎత్తడంలో ఘనురాలు. మనకి పెట్టిన వరసకి ఇది సరిగ్గా తలకిందులు. ఏనుగు కథ మూడు తరాలుగా నోరారా చెప్పుకుంటూ, 110, 130 అనే రెండంకెలు మన ఆడపిల్లలకి నేర్పకపోవడంలో ఈ తలకిందుల పట్ల మనకున్న ఇబ్బందే కనబడుతుంది నాకు.

మూడోది, మిగిల్చి వెళ్ళినవి. ఇక్కడే ఛాంపియన్ల అసలు పరీక్ష.

రామ్మూర్తి నాయుడికి మనం చేసిన అపకారం ఒకటుంది. ఆయన్ని భీముణ్ణి చేసేశాం. భీముడంటే దణ్ణం పెట్టొచ్చు, ఆయన పుట్టిన మట్టి నుదుట పెట్టుకోవచ్చు. కానీ భీముడిలా అవుదామని ఎవరూ పొద్దున్నే లేచి దండీలు తియ్యరు. ఆయన బతుకు మొదలైంది డ్రిల్లు మేష్టరుగా. పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఊపిరి ఎలా పీల్చాలో, నడుము ఎలా వంచాలో నేర్పిన మనిషి. అది ఎవరైనా నేర్చుకోగల విద్య. ఏనుగు ఎవరూ నేర్చుకోలేని విద్య. నేర్చుకోగలిగింది మరిచిపోయి, నేర్చుకోలేనిది గుర్తుపెట్టుకున్నాం. విగ్రహం కట్టాం, ఫొటోలు తీసుకున్నాం. మా మావగారు జీవితమంతా రామ్మూర్తి నాయుడి పేరు చెప్పారు గానీ, పెరట్లో బావి నుంచి చేద ఒక్కనాడూ తోడలేదు. ఆ విద్య మా అత్తగారిది.

అంకెకి ఉన్న సుగుణం వేరు. అది దణ్ణం పెట్టించుకోదు, పందెం వేస్తుంది. 240 అని గోడ మీద రాసి ఉంటే, పదమూడేళ్ళ పిల్ల దాన్ని చూసి 'నాకింకా రెండు వందలు తక్కువ' అని లెక్క వేసుకోగలదు. రేపు ఒక కిలో తగ్గించుకోగలదు. విజయనగరం పక్కన, నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే ఊరుంది. బరువులెత్తే ఊరని పేరు. ఆ ఊరి పిల్ల మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 53 కిలోల తరగతిలో మొత్తం 188 ఎత్తింది. మొదట కంచు అన్నారు. గెలిచిన నైజీరియా అమ్మాయి మందు పరీక్షలో పట్టుబడితే ఆ కంచు వెండి అయింది. ఇక ఊరు దాటి చూస్తే, ఒలింపిక్సులో మల్లీశ్వరి తెరిచిన గుమ్మంలోంచి వరసగా నడిచారు. 2012లో బాక్సింగులో మేరీ కోమ్, బాడ్మింటన్‌లో సైనా. 2016లో సాక్షి మలిక్, మన సింధు. టోక్యోలో అదే ఇనుమెత్తి మీరాబాయి చాను వెండి తెచ్చింది. ఒలింపిక్ పతకం దక్కకపోయినా, మన నిజామాబాదు పిల్ల నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ బాక్సింగులో ప్రపంచాన్ని గెలిచింది. వీళ్ళంతా మల్లీశ్వరిని చూసే వచ్చారని అనను. ఎవరి చెమట వాళ్ళది. కానీ 'ఆడదానికి ఒలింపిక్ పతకమా' అనే మాట మాత్రం వీళ్ళెవరూ వినాల్సిన అవసరం లేకపోయింది. ఆ మాట ఆవిడతోనే సరి.

అయితే నా పక్షంలో కూడా ఒక లోటుంది, దాచుకోకూడదు. మల్లీశ్వరి పెళ్ళి చేసుకుని హర్యానా వెళ్ళిపోయింది. పిల్లలకి బరువులు నేర్పే చోటు అక్కడే యమునానగర్ వైపు పెట్టుకుంది. 2021లో ఢిల్లీలో ప్రభుత్వం పెట్టిన క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయింది. నాగావళి నీళ్ళు తాగిన బలం యమున ఒడ్డున పంట పండింది. రామ్మూర్తి నాయుడు మాత్రం? సంపాదించిందంతా ఊరూరా పంచి, బలంగీరులో కన్నుమూశాడు. ఈ విషయంలో మాత్రం ఇద్దరూ సమానమే. వలస మన జిల్లాల జాతకం. కూలికెళ్ళేవాడు వెళ్తాడు, చేపలవేటకెళ్ళేవాడు వెళ్తాడు, ఛాంపియను కూడా వెళ్తాడు. వెళ్ళనిచ్చి, పేరొచ్చాక "మావాడు, మా అమ్మాయి" అని అరుగు మీంచి కేకెయ్యడం మనకి అలవాటైపోయింది. ఈ తప్పు వాళ్ళిద్దరిదీ కాదు.

సరే, ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే–

మా మనవరాలికి పదమూడో ఏడు. కిందటి నెల ఫోను చేసి, "అమ్మమ్మా, నేను వెయిట్‌లిఫ్టింగులో చేరతాను. ఉత్త కడ్డీయే పదిహేను కిలోలు తెలుసా? నిన్న ఎత్తీశాను" అంది. నాకు నవ్వొచ్చింది, సంతోషమూ వేసింది. అరగంట తిరక్కుండా మా అమ్మాయి ఫోను. "నువ్వైనా చెప్పమ్మా. పొట్టిగా అయిపోతుందిట. భుజాలు మగాడిలా వచ్చెస్తాయిట. రేపు సంబంధాలకి..." వెనకనుంచి అల్లుడుగారు, "అత్తయ్యగారూ, మీ మాటైతే వింటుందండి. బాడ్మింటన్ ఆడుకోమనండి, రాకెట్ కొనిపెడతాను" అంటున్నారు.

మా అల్లుడుగారు మంచివారు. ఆయన బెంగ నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఫోనుకి ముందు రోజే మా అమ్మాయి పదోనెల చంటాణ్ణి చంకనేసుకుని, రెండో చేత్తో నీళ్ళ క్యాను మూడో అంతస్తుకి ఎక్కించిందని నాకు తెలుసు. లిఫ్టు పాడైందిట. భుజాలు మగాడిలా అయిపోతాయని అప్పుడెవరూ బెంగపడలేదు. నా పెళ్ళైన కొత్తలో బిందె మీద బిందె పెట్టి వీధి కొళాయి నుంచి తెచ్చేదాన్ని. పొట్టిదాన్ని అయిపోతానని మావగారికి తోచలేదు. బరువుతో ఎవరికీ పేచీ లేదు. దానికి లెక్క రాస్తామంటేనే పేచీ.

ఇంకొక సంగతి నాకు ఈమధ్యే తెలిసింది. పాత పోటీలు టీవీలో చూస్తూ గమనించాను. తలమీదికి ఎత్తాక కాసేపు కదలకుండా నిలబడాలి. ఎదురుగా ముగ్గురు న్యాయనిర్ణేతలుంటారు. నిలకడగా ఉందని చూసి, దించమని సైగ చేస్తారు. ఆ సైగ కాగానే దించెయ్యొచ్చు. ఇనుము ధన్‌మని కింద పడుతుంది, ఆ పిల్ల చేతులు దులుపుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోతుంది. నేనా నవ్వుకేసి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. యాభై ఏళ్ళ సంసారంలో నాకు దించమని ఎవరూ సైగ చెయ్యలేదు. చెయ్యొచ్చని కూడా వాళ్ళకి తెలియదు కాబోలు.

అందుకని అల్లుడుగారికి నా మాట చెప్పేశాను. "బాబూ, అది ఎలాగూ ఎత్తుతుంది. ఆడపిల్ల కదా, తప్పదు. ఎంత ఎత్తిందో రాసుకునేవాళ్ళూ, ఇక దించమ్మా అనేవాళ్ళూ ఉన్నచోట ఎత్తితే మీకేం నష్టం?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఆదివారం వెళ్ళి ఆ కోచ్‌గారితో మాట్లాడొద్దాం, మీరూ రండి" అన్నారు. వెళ్తున్నాను.

తగువు తీరిపోయిందని మాత్రం అనను. నిన్న మావగారి పటం తుడుస్తూంటే, ఆయన అదే కళ్ళజోడులోంచి చూస్తూ, "అయినా ఏనుగు ఏనుగేనమ్మా" అంటున్నట్టే ఉన్నారు.

అవునండీ మావయ్యగారూ, ఏనుగు ఏనుగే. ఆయన్ని మీరే ఉంచుకోండి. మీ మునిమనవరాలు ఎత్తిన పదిహేను కిలోలు మాత్రం నేను రాసి పెట్టుకుంటున్నాను.